రుద్రన్న ముడి

హుబ్బళ్ళి పాత బస్టాండు వెనక మరమరాల గిర్మిట్, టీ అమ్మే బండి నాది. పక్క కొట్టు రుద్రన్నది. కారు బ్యాటరీకి ఛార్జి ఎక్కడం లేదంటే జనం అతని దగ్గరికే వస్తారు. డైనమోలో కాలిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి, దారంతో బిగించి జంట ముడి వేస్తాడు. ఆ ముడి చూస్తే ధార్వాడలోనైనా "ఇది రుద్రన్న చెయ్యి" అంటారు.

మూడేళ్ళ కిందట ఆ చేతికి వణుకు పట్టింది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు: నాకూ, అతని భాగస్వామి ఫకీరప్పకూ. అప్పట్నుంచి తీగ చుట్టేదీ, రుద్రన్న ముడి వేసేదీ ఫకీరప్పే. పద్దెనిమిదేళ్ళ స్నేహం. రోజూ ఒక టీని చెరి సగం పోయించుకునేవారు. సగం గ్లాసు తొణకదు కదా, రుద్రన్న గుట్టు దాగేది.

మొన్న సోమవారం, అద్దె జీపు తిప్పే దస్తగీర్ దాన్ని తెచ్చి రుద్రన్న మీద విరుచుకుపడ్డాడు. "నువ్వు బాగుచేసి నెల కాలేదన్నా! పెళ్ళివాళ్ళతో నడిదారిలో నిలబడిపోయా. నీ పేరు నమ్ముకున్నందుకు ఇదా?"

రుద్రన్న ఇంజను నడిపించి మీటరు పెట్టాడు. పద్నాలుగు వోల్టుల దాకా ఎక్కాల్సిన ముల్లు పన్నెండు దగ్గరే ఆగింది. బెల్టు బిగువుగానే ఉంది. డైనమో విప్పితే తీగ చుట్టంతా మాడిపోయి ఉంది. పైన తన ముడే. తీగని బ్లేడుతో గీశాడు. రాగి రంగు పూత కింద తెల్లగా మెరిసింది. అల్యూమినియం! రాగికని తీసుకున్న డబ్బు ఎవరి జేబులోకి పోయిందో వేరే చెప్పాలా?

రుద్రన్న పక్కనున్న ఫకీరప్ప వైపు చూశాడు. ఆ పాపిష్టివాడు దస్తగీర్‌తో జాలిగా అన్నాడు:

"ఏం చేస్తాం భాయ్? మూడేళ్ళుగా అన్నకి చెయ్యి వణుకుతోంది. పైకి చెప్పుకోడు, పాపం."

"నీ నోట మన్ను పడ! చుట్టింది నువ్వు కాదట్రా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా!" అంటూ గరిటె ఎత్తాను.

"ఉండక్కా" అన్నాడు రుద్రన్న. "ముడి నాది దస్తగీర్, తప్పూ నాదే. కూర్చో, నేనే చుట్టి ఇస్తా. ఫకీరా, నువ్వెళ్ళు."

రెండు గంటల పని చీకటిపడేదాకా పట్టింది. ముడి వంకరగా వచ్చింది. దస్తగీర్ దాన్నే జీపుకి బిగించుకుని వెళ్ళాడు.

మర్నాడు రుద్రన్న ఒక్కడే వచ్చాడు. అలవాటుకొద్దీ సగం గ్లాసు పోశాను.

"నిండా పొయ్యక్కా" అన్నాడు.

పదిమంది చూస్తుండగా గ్లాసు ఎత్తాడు. సగం టీ వేళ్ళ మీదుగా కారిపోయింది. తుడుచుకోలేదు.