నోటుబుక్కులో రెండు పేర్లు

నేను చిన్నప్పుడే రాయడం నేర్చుకోలేకపోవడానికి కారణం పూలు. చేవెళ్ల దగ్గర మా బాపు ఎకరంన్నరలో చామంతి వేసేవాడు. మంచు ఆరకముందే పూలు కోసి, బుట్టలు కట్టి, పట్నం బస్సెక్కించాలి. ఆ బస్సు వచ్చే వేళా బడి గంట కొట్టే వేళా ఒక్కటే. మొదట్లో బస్సు కదిలాక బడికి పరుగెత్తేదాన్ని. ఆలస్యంగా వచ్చినవాళ్లను సారు బయట నిలబెట్టేవాడు. కొన్నాళ్లు నిలబడ్డాను, తర్వాత మానేశాను. పెళ్లయ్యాక అక్షరాలతో పని పడలేదు. నా భర్తకు చదవడం వచ్చు. బస్సు బోర్డూ, కరెంటు బిల్లూ, మందుల చీటీ ఆయనే పైకి చదివేవాడు, నేను వినేదాన్ని. ఆయన పోయిన నెలకు నాకు జ్వరం వచ్చింది. దవాఖానలో ఇచ్చిన మాత్రలు అరచేతిలో పెట్టుకుని, ఏది పొద్దున వేసుకోవాలో ఏది రాత్రి వేసుకోవాలో తెలియక అన్నీ పారేశాను. అప్పటికి నాకు యాభై దాటాయి.

మేమిద్దరం చిన్న మంగళారం ఊరి అంచున ఒక ఫామ్‌హౌస్‌లో కాపలా ఉండేవాళ్లం. ఆయన పోయినా యజమానులు నన్ను ఉండనిచ్చారు. వాళ్లు రెండు నెలలకోసారి వస్తారు. మిగతా రోజుల్లో మామిడిచెట్లకు నీళ్లు పెడతాను, గేటు మూస్తాను. పొద్దు గూకేసరికి ఆ రోజంతా ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడలేదని గుర్తొచ్చేది.

ఊళ్లో మహిళా సంఘం భవనంలో ఆదివారం బడి పెట్టారంటే అందుకే వెళ్లాను. చదువు కోసం సగం, మనుషుల కోసం సగం. పట్నంలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే కొందరు జట్టుగా కలిసి అయిదు పాత లాప్‌టాప్‌లు తెచ్చి పెట్టారు. వాళ్లే తయారుచేసిన ప్రోగ్రాం అందులో ఉంది. మీట నొక్కితే అక్షరం పలుకుతుంది, ఎలా రాయాలో గీత తర్వాత గీత చూపిస్తుంది. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూసి మార్చుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. అలాంటివాటిని ఓపెన్ సోర్స్ అంటారట. ప్రతి ఆదివారం జట్టులో ఒకాయన మోటారు సైకిల్ మీద వచ్చి మిషన్లు చూసుకునేవాడు. తొమ్మిది మందిమి కూర్చునేవాళ్లం. ఏడాదిన్నరలో నాకు చదవడం, రాయడం పట్టుబడ్డాయి.

తర్వాత ఆయనకు పుణేలో ఉద్యోగం వచ్చింది. మూడు నెలల్లో నాలుగు మిషన్లు ఆగిపోయాయి, ఆడవాళ్లు రావడం మానేశారు. పిలుద్దామని ఒకామె ఇంటికి వెళ్లాను.

"నీకు వచ్చినయి గదక్కా, ఇగ మా జోలి ఎందుకు?" అంది. "ఆ డబ్బాలు నోరు తెరిస్తె చెప్పు, అప్పుడొస్తం."

అప్పటినుంచి ఆదివారాలు నేనొక్కదాన్నే తాళం తీసి, ఊడ్చి, కాసేపు కూర్చుని తాళం వేసేదాన్ని.

అలాంటప్పుడు జట్టులో పెద్దదిక్కుగా ఉండే ఒకామె ఫోన్ చేసింది. "అమ్మా, శనివారం మొయినాబాద్ దిక్కు ఒక ఇంజినీరింగ్ కాలేజీల ఓపెన్ సోర్స్ కాన్ఫరెన్స్ ఉన్నది. మాకొక స్టాల్ ఇచ్చిన్రు. మీరొచ్చి కూసోండ్రి. ఆదివారాలు వస్తమనేటోళ్లు దొరికితె పేరు, నంబరు రాయించుకుందం. ఒక్కరు దొరికినా చాలు. లేకుంటె ఆ లాప్‌టాప్‌లు వేరే ఊరికి ఇచ్చేద్దమంటున్నరు మావోళ్లు."

శనివారం ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. పెద్ద వరండా, వరసగా టేబుళ్లు. మాది చివరిది. నీలం గుడ్డ పరిచి, మా బడిలో పనిచేస్తున్న ఒక్క లాప్‌టాప్, గుట్టగా స్టిక్కర్లు, కొత్త నోటుబుక్కు, పెన్ను పెట్టారు. ఫోన్ చేసినామె ఉపన్యాసం ఇవ్వాల్సి ఉందని లోపలికి పోయింది, ఆ తర్వాత ఆమెను ఎవరెవరో పట్టుకుని కూర్చోబెట్టుకున్నారు. పక్క స్టాల్లో చక్రం తిప్పితే టీషర్టులు ఇస్తున్నారు, గుంపంతా అక్కడే. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది బాత్రూమ్ ఎటని అడిగారు. ఒకాయన తాగిన టీ కప్పు నా ముందు పెట్టి, నా వైపు చూడకుండానే వెళ్లాడు. తీసి చెత్తడబ్బాలో పడేశాను.

అయినా కొందరు ఆగారు. మీట నొక్కి, అక్షరం పలికితే నవ్వారు. మొదట ఇద్దరు స్నేహితులు. వాళ్లకు మా బడి సంగతి చెప్పాను. ఒకడు, "సండే ఖాళీనే ఆంటీ, వస్త," అని పెన్ను తీసుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"తెలుగుల రాయి బిడ్డా," అన్నాను. "నాకు ఇంగ్లీషు రాదు. రేపు నేనే చదువుకొని ఫోన్ చెయ్యాలె."

వాడి చెయ్యి ఆగింది. "తెలుగులనా?"

పక్కవాడు పగలబడి నవ్వాడు. "వానికి వాని పేరే రాదాంటీ! ఇంటర్‌ల సంస్కృతం తీసుకున్నడు, మార్కులొస్తయని."

"నీకొస్తదారా? రాయి చూద్దం," అని వీడు పెన్ను వాడి చేతిలో కుక్కాడు. వాడూ రాయలేదు. "మళ్లొస్తం ఆంటీ," అని చెరో రెండు స్టిక్కర్లు తీసుకుని పోయారు.

అబద్ధమెందుకు, నాకు లోపల సంతోషమే వేసింది. ఇంత చదివినవాళ్లకు రానిది నాకు వచ్చు కదా అని. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్లతోనూ అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నాను. ప్రతివాళ్లూ మళ్లీ వస్తామన్నారు. మధ్యాహ్నానికి పుస్తకంలో ఒక్కటే పేరు పడింది, గేటు దగ్గర సెక్యూరిటీ చేసే ఆయనది. గుండ్రటి అక్షరాలతో ఊరి పేరుతో సహా రాశాడు. "నాకు కంప్యూటర్ రాదక్కా, ఆదివారం గూడ డ్యూటీనే. పుస్తకం ఖాళీగున్నదని రాసిన," అన్నాడు.

భోజనాల తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. చేవెళ్ల రోడ్డు మీద ఇంకో కాలేజీలో చదువుతోందట. నేనేమీ చెప్పకముందే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పలుకుడు లేటైతున్నదాంటీ. ఆగుండ్రి," అని ఏవో మీటలు టకటకా కొట్టింది. అక్షరం వెంటనే పలికింది. మిగతా నాలుగు ఎందుకు ఆగిపోయాయో అడిగింది. వెలిగి ఆరిపోతాయని చెప్పాను. "అది పెద్ద పనేం గాదు, నేను చేస్త," అంది. నోటుబుక్కు జరిపి, పొద్దుటినుంచి అంటున్నట్టే తెలుగులో రాయమన్నాను.

ఆమె పెన్ను పట్టుకుని, వదిలేసి, మణికట్టు రుద్దుకుంది. "చెయ్యి గుంజుతున్నదాంటీ. మళ్లొచ్చి రాస్త," అని లేచి గుంపులో కలిసిపోయింది.

అప్పటిదాకా అంత చురుగ్గా ఆడిన చెయ్యి అది. బ్యాంకుకో మండలాఫీసుకో వెళ్లాల్సినప్పుడు నేను ఇంటి దగ్గరే కుడి చేతికి గుడ్డపీలిక చుట్టుకునేదాన్ని, కొడవలితో తెగిందని చెప్పడానికి. పెన్ను ఇవ్వబోయినవాళ్లు ఆ కట్టు చూసి వేలిముద్ర డబ్బా జరిపేవాళ్లు. సంతకం రాదని నా నోటితో చెప్పాల్సిన పని తప్పేది. ఇరవై ఏళ్లు అలా నడిపాను. ఇప్పుడు టేబుల్‌కు అవతలివైపు కూర్చుని, నేనే పిల్లలకు కట్లు కట్టిస్తున్నాను.

టేబుల్ వదిలేసి ఆమెను వెతకడానికి వెళ్లాను. పెద్ద హాలు చీకటిగా ఉంది, వేదిక మీద ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. వందలమంది, అందరి మెడలో ఒకే రంగు తాడు. వెనక గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ఒక్క మాట అర్థం కాలేదు, ఒక్క ముఖం ఆనవాలు పట్టలేదు. తిరిగి వచ్చి కూర్చున్నాను.

సాయంత్రం నీలం గుడ్డ మడుస్తుంటే, ఆ అమ్మాయి బస్సు కోసం వరండాలోంచి వెళ్తూ కనిపించింది. గబగబా పిలిచాను.

"నాకు రాసుడు అలవాటు కావాలె బిడ్డా. నువ్వు చెప్పు, నేను రాస్త."

ఆమె నా వైపు ఒక నిమిషం చూసింది. తర్వాత పేరు చెప్పింది, నంబరు చెప్పింది. నా రాత నెమ్మది, తొందరపెట్టకుండా నిలబడింది. వంగి చూసి, "నా పేరు గిట్లుంటదా? చూసి చానా రోజులైంది," అంది. అంతలోనే ముఖం చిన్నబుచ్చుకుంది. "కానీ ఆంటీ, ఆదివారం హాస్టల్ నుంచి బయటకి పంపరు. మా డాడీ ఫోన్ చేస్తేనే. ఆయన చెయ్యడు. ఆ మిషన్లు నా దగ్గరుంటె చేసేద్దును."

బస్సు హారన్ కొట్టింది, ఆ అమ్మాయి పరుగెత్తింది.

జట్టు ఆమె వచ్చి, "ఎంతమందైన్రమ్మా?" అని పుస్తకం అందుకుంది.

"ఇద్దరు."

"ఈయన సెక్యూరిటీ గదా? ఈ అమ్మాయి వస్తనన్నదా?"

"రానియ్యరంట."

ఆమె స్టిక్కర్లు సర్దుతూ, "సరే, మావోళ్లతో మాట్లాడ్త," అంది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు, లాప్‌టాప్‌లు వేరే ఊరికి పోతాయి. నా పట్టుదలతో ఆ రోజు ఎంతమందిని నేనే వెనక్కి పంపానో ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. జట్టువాళ్లంతా పట్నంలో భోజనానికి పోతున్నారు, రమ్మన్నారు. చెట్లకు నీళ్లు పెట్టాలని చెప్పి ఆటో ఎక్కాను. ఫామ్‌హౌస్ గేటు తీశాక, ఇవాళ ఏమైందో చెప్పడానికి ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున సంఘం భవనం తాళం తీసి, ఆగిపోయినవాటిలో ఒక లాప్‌టాప్‌ను తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. షేర్ ఆటోలో దాన్ని ఒడిలో పట్టుకుని ఆ అమ్మాయి కాలేజీ హాస్టల్ దాకా వెళ్లాను. వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. ఆమె పేరు చెప్పాను.

"ఆ పిల్ల నీకేమైతది అవ్వా?"

"ఏం కాదు."

"ఏం గాకుంటె లోపలికి పోనియ్యరు. పైకి ఫోన్ కొడ్త గానీ, ఏం చెప్పాలె?"

"నిన్నటి ఆంటీ లాప్‌టాప్ పట్టుకొచ్చిందని చెప్పన్నా."

అతను ఫోన్‌లో మాట్లాడి పెట్టేశాడు. "ఇప్పుడే లేచిందంట. గంట పడ్తది."

"కూసుంట," అని, గేటు పక్కన నీడ చూసుకుని, సంచి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.