తువ్వాల కింద చెయ్యి

పోయిన వారం, మా పెద్దన్న దినాలు ముగించుకుని వస్తుంటే, పెబ్బేరు సంత దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే ఇద్దరు ముసలివాళ్లు ఒక తువ్వాల కింద చేతులు కలిపి ఎడ్ల బేరం చేస్తున్నారు. మన ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ బేరంలో ధర నోటితో చెప్పరు; వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు, చుట్టూ ఎందరున్నా ఆ ఇద్దరికే తెలుస్తుంది.

మాది అమరచింత వైపు మెట్ట సేద్యం. అన్న ఒక్కసారే ఎమ్మెల్యే అయ్యాడు. హైదరాబాదులో సభ ముగియగానే వచ్చి నాగలి పట్టేవాడు. ఆయన గెలిచిన మరుసటి ఏడు వానలు పడలేదు. పశువుల మేత కోసం సభలో లేచి మాట్లాడాడు, మంత్రి గది ముందు కూర్చున్నాడు, పంపిస్తామన్నారు, రాలేదు. మా గడ్డివామి కూడా అయిపోయింది. ఏటి ఒడ్డున మేత ఉన్న రైతు ఎవరైనా కొంటే బతుకుతాయని తన ఎడ్లజతను సంతకు తోలుకుపోదామన్నాడు. కొత్తగా పంతులుద్యోగంలో చేరిన నేను సెలవు పెట్టి వెంట బయలుదేరాను.

"ఎమ్మెల్యేవై సంతల ఎడ్లమ్ముతవా? నలుగురు ఏమనుకుంటరు?" అంది వదిన.

"ఎమ్మెల్యే ఎడ్లయితే ఆకలి గాదా ఏంది?" అన్నాడు అన్న.

సంతలో అందరూ దండం పెట్టారు, ఎవరూ బేరానికి రాలేదు. ఎప్పుడూ మా పశువుల బేరం చేసే దలాలి చాచా కూడా చెయ్యి కలపలేదు.

"నీ ఎడ్లకు నేను ధర తగ్గించి, రేపు పనిబడి నీ ఇంటికొస్తే ఏ మొఖం పెట్టుకొని రావాలె పటేలా?" అని నవ్వాడు.

పొద్దు వాలేవేళకు బక్కపలచని రైతు ఒకాయన వచ్చి, అన్న తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. మా ప్రాణం లేచి వచ్చింది. చాలాసేపు ఇద్దరూ కదలలేదు. తర్వాత ఆయన చెయ్యి తీసుకుని, ఎడ్లవైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

ఎడ్లను వెనక్కి తోలుకొస్తుంటే దారిలో ఎంతకు అడిగాడన్నాను.

"బేరం గాదురా. నా వేళ్లన్నీ కలిపి పట్టుకొని ఇడువలే. గడ్డి అడుగుతుండు. నలుగుట్ల నోరిడిచి అడుగనీకె సిగ్గయింది గావచ్చు. నేనేం జెప్త, ఎప్పుడొస్తదో నాకే తెల్వదు."

మా ఎడ్లు వానలదాకా ఆగలేదు. గడ్డి లారీలు వానలు పడ్డాక వచ్చాయి. అన్న మళ్లీ ఎన్నికల్లో నిలబడలేదు.

ఇప్పుడు కాలువ వచ్చింది, మెట్టంతా వరి అయింది. మా ఊళ్లో ఇప్పుడు ఎడ్లు లేవు గనుక కోతలయ్యాక గడ్డికి పొలంలోనే అగ్గి పెడుతున్నారు. ఆ పొగ వచ్చినప్పుడల్లా అన్న లేచి లోపలికి పోయేవాడు. చివరి రోజు గద్వాల దవాఖానలో మాట పడిపోయాక, దుప్పటి కింద నా వేళ్లన్నీ కలిపి పట్టుకున్నాడు. డాక్టరు అప్పటికే చెప్పవలసింది చెప్పి వెళ్లాడు. నేను చెయ్యి తీయకుండా కూర్చున్నాను, అంతే.

బస్సు కదిలింది. దారికి రెండువైపులా గడ్డి కాలుతోంది. కండక్టరు కిటికీలు మూసుకోమన్నాడు.