కళ్ళం గోడ మీది అడ్డగీతలు

2022 నవంబరు ఒకటో తేదీన నన్ను అరకు లోయ కాఫీ రైతుల వాతావరణ యాప్ పథకానికి డేటా అధికారిగా నియమించారు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి నియామకం. ఇటువంటి యాప్ వాన అంచనాలను తానుగా తయారుచేయదు. వాటిని సరఫరా చేసే సంస్థను మా వాడుకలో డేటా ప్రొవైడర్ అంటాము. ఆ సంస్థ పంపే అంకెలు మా సర్వర్‌కు, అక్కడి నుంచి రైతు ఫోనుకు చేరతాయి. ప్రొవైడర్‌ను ఎంపిక చేసినవాణ్ణి నేనే. వారి అంచనాల కచ్చితత్వపు పట్టికలో ఒక్క లోపమూ కనబడలేదు. ఆ పట్టిక అంతా మైదాన ప్రాంతపు వర్షమాపకాలతో సరిచూసినదన్న సంగతి మాత్రం నేను గమనించలేదు.

యాప్ పద్నాలుగున విడుదలైంది. ఇరవై ఏడున ఒక కొండ ఊరి నుంచి ఫిర్యాదు వచ్చింది. మర్నాడు స్వయంగా వెళ్ళాను. అక్కడ పదిమంది ఆడవాళ్ళు ఉమ్మడి కళ్ళంలో కాఫీ పండ్లు ఎండబెడుతున్నారు. వారి పెద్ద పేరు కిల్లో బుద్రమ్మ.

“ఏటి బాబూ, మీ ఫోన్లో సూరీడి బొమ్మ, మా నెత్తి మీద వోన! మీ సూరీడికి మా కొండకొచ్చే బస్సు దొరకనేదేటి?” అంది. అందరూ నవ్వారు. ఆమె దోసిట్లోని పండ్లకు మాత్రం బూజు పట్టి ఉంది. ఎండ అన్న మాట నమ్మి, కప్పేలోపే తడిసి ఆమె పంటలో సగం అలాగే పాడైంది. “ఇంకోపాలి తడిస్తే ఈ యేటి పంట పోయినట్టే బాబూ,” అని మెల్లగా చెప్పింది.

ఆ ఊళ్ళో వర్షమాపకం లేదు. ఏ రోజున వాన పడిందో ఎలా తేల్చాలని అడిగితే బుద్రమ్మ కళ్ళం గోడ చూపించింది. కాపలా వంతు ఎవరిదైతే వారు రోజుకొక బొగ్గు గీత గీస్తారు. సంత రోజున సున్నా చుడతారు. వానలో టార్పాలిన్, వారి మాటలో బరకం, కప్పవలసి వస్తే గీతను అడ్డంగా కొడతారు. అలా కప్పినవారికి మరుసటి వంతు మినహాయింపు. పదో తేదీ నుంచి పంతొమ్మిది గీతలు, ఏడు అడ్డగీతలు ఉన్నాయి. నేను లెక్కపెడుతుండగానే బుద్రమ్మ తోడికోడలు లచ్చమ్మి తన వంతైన పదిహేడో తేదీ గీతపై వేలు పెట్టింది.

“అక్కా, ఆ రోజూ వోన పడింది. అడ్డగీతకి ఒప్పుకోనేదేటి?”

“నాలుగు సినుకులు వోనేటే? బరకం మీంచి నీళ్ళు కారితేనే గీత. వంతు ఎగ్గొట్టీడానికి సూత్తన్నావు!”

“నువ్వప్పుడు సంతలో సీరలు సూత్తన్నావు, నీకేటి తెలుసు?”

వాతావరణ పరిశీలనలో కూడా నాలుగు చినుకులను లెక్కించరు; రోజుకు రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే అది వర్షపు రోజు. ఒకరి గీతను పదిమంది నిలదీసే ఈ పద్ధతిలో తప్పుడు నమోదుకు చోటు లేదని అర్థమైంది.

ఆ పంతొమ్మిది రోజుల పాత అంచనాలను మా ప్రొవైడర్ నుంచీ, మరొక సంస్థ నుంచీ తెప్పించాను. మా ప్రొవైడర్ ఏడు వాన రోజుల్లో అయిదింటికి ఎండ అని చెప్పింది. ఇరవై అయిదు కిలోమీటర్ల చదరానికి ఒకే అంకె ఇవ్వడమే కారణం. కొండ శిఖరమూ ఘాట్ రోడ్డు కింది పల్లపు ఊళ్ళూ ఒకే గడిలో పడ్డాయి. మూడు కిలోమీటర్ల గడులు వాడే రెండో సంస్థ ఆరింటిని పట్టుకుంది. తగువు పడిన పదిహేడో తేదీకి ఆ సంస్థ ఇచ్చిన అంకె: ఒక మిల్లీమీటరు. బుద్రమ్మ చెప్పిన నాలుగు చినుకులే అవి.

విడుదలైన పక్షం రోజులకే ప్రొవైడర్‌ను మార్చాలంటే పథక సంచాలకుల లిఖిత అనుమతి కావాలి. గోడను సాక్ష్యంగా ఫైలులో పెడతారా అని ఆయన అడిగారు. గోడ ఫొటోనూ రెండు పట్టికలనూ పంపాను. ఇరవై తొమ్మిది సాయంత్రానికి అనుమతి వచ్చింది. మార్పు సర్వర్‌లో చేస్తే చాలు; ఆ రాత్రే చేయించాను. రైతులు యాప్‌ను మళ్ళీ దించుకోనక్కర లేదు.

ముప్ఫయ్యో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ ఊరికి వాన హెచ్చరిక వెళ్ళింది. నేను వర్షమాపకంతో కళ్ళంలోనే ఉన్నాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండలో అనవసరంగా కప్పినా పండ్లు ఉక్కబట్టి చెడతాయి. బుద్రమ్మ పైకి చూసి, నన్ను చూసింది.

“ఇంత ఎండలో మూసీమంటారా? పాడైతే మీ ఇంటికొచ్చి కూకుంటాను బాబూ.” తర్వాత అందరినీ కేకేసింది: “బేగి రండే, బరకాలు లాగండి!”

రెండూ ఇరవైకి ఘాట్ రోడ్డు వైపు నుంచి మబ్బు పైకెక్కింది. ఇరవై అయిదు నిమిషాల్లో పదకొండు మిల్లీమీటర్లు కురిసింది. ఎదుటి కొండకు హెచ్చరిక వెళ్ళలేదు. అక్కడి కళ్ళంలో పండ్లు ఎండలో మెరుస్తూ కనబడుతున్నాయి. ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగంలో వర్షాన్ని కొలిచానే గాని, దాని అంచును కళ్ళారా చూడటం అదే మొదటిసారి. టార్పాలిన్ ఎత్తి చూస్తే పండ్లు పొడిగా ఉన్నాయి.

ఏ ప్రొవైడర్‌నైనా, యాప్‌ను వాడే చోటనే పదిహేను రోజులు పరీక్షించిన తర్వాతే తీసుకోవాలన్న నియమాన్ని ఆ డిసెంబరులో పథకం విధానపత్రంలో చేర్పించాను. మొదటి ప్రొవైడర్ అంకెలు తప్పు కావు. అవి మరో చోటికి చెందినవి. అది ముందే అడిగి తెలుసుకోవలసిన బాధ్యత నాది. బుద్రమ్మ కోల్పోయిన సగం పంటను తిరిగి తేగల సవరణ ఏ సర్వర్‌లోనూ లేదు.