బుడగలమ్మ గదిలో అమ్మమ్మ పరీక్ష

ఆమె చదివింది మనస్తత్వ శాస్త్రమైనా పిల్లలకు మాత్రం బుడగలమ్మే. సబ్బు బుడగల సీసా లేనిదే ఆమె గదిలో పని మొదలవదు. నేలమీద కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి గానీ, సరదా మాత్రం అరగలేదు.

ఆ ఉదయం నాలుగేళ్ల పిల్లను వెంటబెట్టుకుని తల్లి, అమ్మమ్మ వచ్చారు. వినికిడి పరీక్ష ముందే అయింది, చెవులు బాగానే ఉన్నాయి. బడిలో పిల్ల తీరు టీచరమ్మ ముందే ఫోనులో చెప్పింది. పుట్టినప్పటి నుంచీ జరిగినదంతా తల్లి పూసగుచ్చినట్టు చెప్పింది. ఇక మిగిలింది పిల్లతో ఆడి చూడటమే. ఆటిజమా కాదా అన్నది తేలితేనే దానికి సాయం మొదలవుతుంది.

అమ్మమ్మ మాత్రం ఇదేదో పెద్ద బడిలో సీటు పరీక్ష అనుకుంది. వారం రోజులుగా పిల్లకు జవాబులు నూరిపోసింది.

“బొమ్మకు ఆకలేస్తోంది, ఏం పెడదాం?” అంది బుడగలమ్మ.

“నాలుగేళ్లు,” అంది పిల్ల కిటికీ వైపు చూస్తూ.

“అలాగా! మరి నీకేం కావాలి?”

“అంబా!”

అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. “అయ్యయ్యో! వరస తప్పారండీ మీరు! ముందు వయసు అడగాలి, తర్వాత ఆవు ఎలా అరుస్తుందో అడగాలి!”

బుడగలమ్మకు నవ్వాగలేదు. “అమ్మమ్మగారూ, మీ చదువు భేషుగ్గా ఉంది. కానీ ఇక్కడ పాసూ ఫెయిలూ లేవండి. పాప పాపలా ఉంటేనే నా పని జరుగుతుంది. కాసేపు నోటికి తాళం వేసుకోండి, మీకు పుణ్యముంటుంది.”

మూత బిగించిన సీసాను పిల్ల ముందు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. పిల్ల అడగలేదు, ఆమె ముఖమూ చూడలేదు. ఆమె మణికట్టు పట్టుకుని, చేతిని మూత మీద పెట్టింది. బుడగలు లేవగానే ఒకటే కేరింతలు! అయినా ‘చూడమ్మా’ అన్నట్టు ఒక్కసారైనా తల్లి వైపు తిరగలేదు.

ఒక్క చేష్ట చూసి తేల్చే రకం కాదు బుడగలమ్మ. విన్నదీ చూసిందీ అన్నీ కలిపి బేరీజు వేసుకుని, తల్లికి నెమ్మదిగా చెప్పింది. “ఆటిజమే అమ్మా. మీ పెంపకంలో లోపం కాదు. దానికి తగ్గట్టు మాటా ఆటా నేర్పించడం మొదలుపెడదాం.”

తల్లి ఏడ్చింది, ఆ వెంటనే నవ్వింది. “మొండిది, మొండిది అని విని విని విసిగిపోయానండీ. ఇప్పుడు గుండెల మీద బరువు దిగింది.”

అమ్మమ్మ నోటి తాళం ఊడింది. “అయితే నన్ను ఎప్పటికీ అమ్మమ్మా అని పిలవదా?”

ఆ మాట పూర్తయ్యేలోపే పిల్ల, మూత పెట్టేసిన సీసా ఎత్తుకుంది. తల్లిని దాటి, బుడగలమ్మనూ దాటి, సరాసరి అమ్మమ్మ దగ్గరకు వెళ్లి, ఆమె చెయ్యి లాగి మూత మీద పెట్టింది.

“మాట ఎప్పుడొస్తుందో ఇప్పుడే చెప్పలేను గానీ, పిలుపు మాత్రం ఇదిగో, వచ్చేసింది,” అంది బుడగలమ్మ. “తియ్యండి మూత!”

అమ్మమ్మ మూత తీసింది గానీ, ఒక్క బుడగా ఊదలేకపోయింది. నవ్వు ఆగితేగా!