పెళ్లిచూపులూ, ఊయల కొక్కెమూ

ఆ రోజుల్లో నాకు ఇనుము తప్ప లోకంలో మరేదీ కనబడేది కాదు. జంషెడ్‌పూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్ల మరమ్మతు పనిలో కొత్తగా చేరాను. ఇనుములో పగులు కనిపిస్తే, సరిగ్గా దాని కొసన గుండ్రటి రంధ్రం వేస్తే అది ముందుకు పాకడం నెమ్మదిస్తుందని నేర్పారు. (పగులు కొస సూదిలా ఉంటుంది. బరువంతా అక్కడే పడి ఇంకా చీలుస్తుంది. గుండ్రం చేస్తే పదును చస్తుంది. ఇది వైద్యం కాదు, వాయిదా.) కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, బస్సెక్కినా సీటు కాళ్లలో పగుళ్లు వెతికేవాణ్ణి.

అలాంటి నాకు అదే ఊళ్లోని బారిడీహ్ పేటలో పెళ్లిచూపులు, అదీ విశ్వకర్మ పూజ రోజున పెట్టారు. మా ఊళ్లో అందరికీ ఒకేసారి సెలవు దొరికేది ఆ రోజే. పనిముట్లకు బొట్టు పెట్టి, దండ వేసి, మర్నాటిదాకా ఎవరూ ముట్టుకోరు. అమ్మాయి చాలా సరదా మనిషని విన్నాను. ఫొటో అడగడానికి సిగ్గుపడ్డాను గానీ, ఈ సంబంధం కుదరాలని లోలోపల ఒకటే ఆరాటం.

వాళ్ల హాల్లో ఇనుప ఊయల మీద అమ్మాయి నాయనమ్మ కూర్చుంది. అమ్మాయి టీ తెస్తున్న క్షణంలోనే ఆవిడ ఊగింది, పైన కొక్కేన్ని మోసే ఇనుప పట్టీ టిక్కుమంది. తలెత్తాను. వెంట్రుకంత పగులు!

"ఏటి బాబూ, పిల్లనొగ్గేసి పైకప్పు సూత్తన్నావు?" అంది నాయనమ్మ.

"పట్టీ పగిలింది మామ్మగారూ, దిగండి."

"మా ముసిలోడు కట్టించిన ఊయల. నాను దిగను. పడితే నానే పడతాను, నీకేటి?"

డ్రిల్లు మిషనుందా అని అడిగాను. అమ్మాయి తండ్రి పాత ఫిట్టరు. మిషనుంది, దేవుడి గదిలో, దండతో. "ఇయాల అది మిషను కాదు బాబూ, దేవుడు" అన్నాడాయన. మా అమ్మ నా తొడ గిల్లింది. అయినా నేను వదల్లేదు. వాదన ముదిరింది. చివరికి నాయనమ్మే తీర్పిచ్చింది: "దేవుడే వచ్చి పని సేత్తానంటే మనం ఒద్దనడమేటి? ఆరతిచ్చి తెండి."

పళ్లెంలో, కర్పూరం వెలుగులో డ్రిల్లు వచ్చింది. దేవుడొచ్చాడని నాయనమ్మ భక్తిగా ఊయల దిగి నిలబడింది. (ప్రాణభయం చెప్పినా దిగని మనిషి!) నేను స్టూలెక్కి పట్టీకి కుట్టుమిషను నూనె రాసి, తుడిచి, అమ్మాయి మొహం పౌడరు అడిగి చల్లాను. పెళ్లిచూపుల్లో పౌడరడిగిన పెళ్లికొడుకుని బహుశా నేనొక్కణ్ణే. పగుల్లో దాగిన నూనెకి పౌడరు తడిసి, గీత కొసదాకా తేలింది.

"టార్చ్ ఔర్ ఊపర్ కరూఁ?" అంది అమ్మాయి, ఇంకా పైకెత్తనా అని హిందీలో, ఫోను వెలుగు పట్టుకుని.

"ఊపర్, ఊపర్" అన్నాను, కొస మీంచి చూపు తిప్పకుండా.

దండ తియ్యనివ్వలేదు వాళ్లు. మిషను తిరగ్గానే బంతిపూలు దాన్లో చుట్టుకుని, రేకలు అందరి నెత్తినా కురిశాయి. "అక్షింతలు పడిపోనాయి!" అని నాయనమ్మ చప్పట్లు కొట్టింది. రంధ్రం అచ్చంగా కొస మీదే పడింది. రేపే పట్టీ మార్పించమని గట్టిగా చెప్పి, గర్వంగా స్టూలు దిగాను.

ఆటోలో అమ్మ అడిగింది: "పిల్ల ఎలగుందిరా?"

"రంధ్రం సరిగ్గా కొస మీదే పడిందమ్మా" అన్నాను.

తర్వాత మధ్యవర్తి వద్దన్న కబురు తెచ్చాడు. "కుర్రోడు మంచోడే గానీ, నా వేపు ఒక్కపాలి కూడా సూడనేదు అంటంది ఆ గుంట."

నిజమే. ఆ పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇప్పటికీ గీసి చూపగలను. ఆ అమ్మాయి గురించి నాకు తెలిసిందల్లా నా చెవి పక్కన ఒక వెలుగు, ఏమాత్రం వణకని ఒక చెయ్యి. స్టూలు మీది ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఒరే, ఒక్కసారి పక్కకి తిరగరా అని చెప్పాలనిపిస్తుంది.