శుక్రవారం స్లో పంచరు

మా ఆయన చనిపోయిన ఏడాది, ఆడికృత్తిక పండగ దాటిన వారానికి, పలమనేరులో చిత్తూరు రోడ్డు పక్కనున్న పంచరు షాపు నా చేతికొచ్చింది. ఎవరో పిలిచి ఇచ్చిన ఉద్యోగం కాదు. షాపు మూస్తే పొయ్యి ఆర్పినట్టే కాబట్టి తెరిచాను. ఈ మధ్యనే భుజం పనికిరాకుండా పోయి వదిలేశాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. అన్నేళ్లలో నన్ను అన్నిటికంటే విసిగించిన బండి సంగతి ఇది.

మేకు దిగి ఒక్కసారిగా గాలి పోయే పంచరు మంచిది. దాపరికం ఉండదు. కన్నం కనబడుతుంది, పూడిస్తే అయిపోతుంది. స్లో పంచరు అట్లా కాదు. సాయంత్రం రాయిలా ఉన్న టైరు తెల్లారేసరికి మెత్తబడుతుంది. గాలి కొడితే మళ్లీ లేస్తుంది. మనం చూస్తున్నంతసేపూ ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది.

మునిరాజ అని ఒకతను చుట్టుపక్కల పల్లెల్లో పాలు పోయించుకుని, మోటార్ సైకిలుకు క్యాన్లు కట్టుకుని టౌనులోని పాల కేంద్రానికి తెచ్చేవాడు. ఒక వేసవిలో శనివారం పొద్దున, వెనక చక్రం నేలకు అంటుకుపోయిన బండిని తోసుకుంటూ వచ్చాడు. ఆలస్యానికి పాలు పులిసి, కేంద్రంలో తిప్పి పంపారు.

అది ట్యూబ్‌లెస్ టైరు. అట్లాంటిదానికి గాలి బయటికి పోవాలంటే నేలకు తగిలే పట్టీలోనైనా పోవాలి, రిమ్ము అంచులోనైనా పోవాలి, లేదంటే గాలి కొట్టే వాల్వులో పోవాలి. గట్టిగా గాలి కొట్టి, సబ్బు నీళ్లు రుద్ది, చక్రాన్ని మెల్లగా తిప్పి చూశాను. పట్టీ బాగుంది, అంచు బాగుంది. వాల్వు నోట్లో ఆవగింజంత బుడగ లేచింది. దాని లోపల స్ప్రింగుతో ఒక సన్నటి పిన్ను ఉంటుంది. గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. ఆ పిన్ను మార్చి, పైన కొత్త మూత బిగించి పంపాను. టీ తాగినంత ఖర్చులో పోయే పని అది.

తర్వాతి శనివారం మళ్లీ వచ్చాడు. అదే చక్రం, అదే బుడగ. మళ్లీ పిన్ను, మళ్లీ మూత. ఆ పై శనివారం మళ్లీ తోసుకుంటూ వస్తుంటే, షాపు మూసేసి లోపల కూర్చుందామా అనిపించింది.

“అక్కా, నువ్వు కావాల్నని పిన్ను లూజుగా పెడతా ఉండావంట. మా ఊర్లో అనుకుంటా ఉండారు,” అన్నాడు.

“ఊర్లో ఎవురప్పా? నువ్వేనా?” అన్నాను.

తల వంచుకున్నాడు. ఇంకొక్కసారి పాలు ఆలస్యమైతే ఆ పల్లెల పాల దారి ఇంకొకరికి ఇస్తామని కేంద్రంలో చెప్పేశారట. టైర్ల షాపులో కొత్త టైరు వేయించమన్నారట. స్నేహితుడు లోపల జిగురు మందు పొయ్యమన్నాడట. పోతున్నది వాల్వులోనైతే టైరు మారిస్తే ఏం లాభం? జిగురు పోస్తే ఆ పిన్నుకే పట్టి, గాలి కొట్టుకోవడానికి కూడా దారి ఉండదు. రెండూ వద్దన్నాను. అందరి మాటలూ విని, చక్రం చెప్పేది మాత్రం వినడని కోపం కూడా వచ్చింది.

ఆసారి పిన్ను తీసి వెలుతురులో పెట్టి చూస్తే, రబ్బరు కూర్చునే చోట ఎర్రటి ముద్ద అంటుకుని ఉంది. వాసన చూస్తే గంధం. మూత మళ్లీ లేదు.

“మూత యాడప్పా?”

“నాకేం తెలుసక్కా, యాడో రాలిపోయింటాది.”

“వారం వారం రాలేదానికి అదేమన్నా చింతాకా? బండి ఎవురు కడుగుతారు?”

“మాయమ్మ. శుక్రవారం శుక్రవారం.”

అప్పటికి పిన్నూ మూతా మార్చి పంపి, ఆ పై శుక్రవారం షాపుకు తాళం వేసి ఆటోలో వాళ్ల ఊరికి పోయాను. మునిరాజ తల్లి కాంతమ్మ బండి కడిగి, గిన్నెలో గంధం, కుంకుమ కలుపుకుని కూర్చుంది. బండి ముందు లైటుకు బొట్టు పెట్టింది, ట్యాంకుకు పెట్టింది. చక్రం దగ్గరికొచ్చి, నేను బిగించిన మూత విప్పి గూట్లో పడేసి, వాల్వు నోట్లోకి వేలితో గంధం అదిమింది. బుస్సుమంది.

“వింటివా? తీసుకునింది,” అంది నాతో. ఊపిరి పోయేది ఆ దారినే కాబట్టి చక్రానికి ముఖం అదేనని ఆమె లెక్క. ముందు చక్రం వాల్వు బ్రేకు చాటున ఉండి ఆమె వేలికి అందలేదు కాబట్టి అది బతికిపోయింది.

అక్కడ బొట్టు పెట్టొద్దని చెప్పాను. ఆమె లేచి నిలబడింది.

“నా కొడుకు దినామూ ఆ రోడ్డులో లారీల మధ్యలో పోతాడు. బొట్టు వద్దనేదానికి వచ్చినావా? నీకు దాంతో పని లేదులే, మాకుండాది.”

మునిరాజ “అమ్మా” అన్నాడు. నేను బండి కడిగిన సబ్బు నీళ్లు చేత్తో తీసి వాల్వు మీద పోశాను. బుడగ లేచింది, పగిలింది, ఇంకొకటి లేచింది. ఆమె వంగి చూసింది. తెల్లారేదాకా ఇట్లే పోతాదని, పొద్దునకు నీ కొడుకు బండి తోసుకుంటా వస్తాడని చెప్పాను.

“అయితే యాడ పెట్టమంటావు?” అంది, ఇంకా కోపంగానే.

పిన్ను మార్చి, వెంట తెచ్చిన చేతి పంపుతో గాలి కొట్టి, ఇత్తడి మూతను పట్టకారుతో బిగించాను. “దీని మీద పెట్టుకో. ఇది చక్రానికి ముక్కుపుడక అనుకో. ముక్కుపుడక ఎప్పుడు తీస్తారో నాకు తెలుసు కాంతమ్మా. నువ్వు తియ్యొద్దు.”

 ఆమె కొంగుతో మూత తుడిచి, దాని మీద బొట్టు పెట్టింది.

మర్నాడు మునిరాజ నా షాపు ముందు ఆగకుండా, హారను కొట్టి పోయాడు. పాల దారి అతనికే ఉండిపోయింది.

షాపు వేరేవాళ్లకు అప్పగించేటప్పుడు పని వరస ఇట్లా చెప్పాను: స్లో పంచరు వస్తే ముందు వాల్వు చూడు, తర్వాత అంచు, ఆ తర్వాత పట్టీ. టైరు మార్చమనేది అన్నిటికంటే చివరి మాట. వాల్వు కంటే ముందు అడగవలసింది ఒకటుంది: ఈ బండిని ఇంట్లో ఎవరు కడుగుతారు?