అప్పలకొండమ్మ పీకిన దుబ్బులు

చెరకాకును ఎండకు ఎదురుగా పట్టుకుని చూడాలి. ఎండ వీపు వెనక ఉంటే తెగులు కనబడదు. ఈ సంగతి అప్పలకొండమ్మకు ఎవరూ చెప్పలేదు. కొండకర్ల నుంచి కోడలిగా వచ్చిన ఏడాదే అనకాపల్లి శివార్లలో ఒక చెరకు పరిశోధన తోటలో రోజుకూలీగా చేరింది. పదిహేడేళ్లలో ఆమె కళ్లే నేర్చుకున్నాయి. లేత ఆకు మీద పచ్చదనం చారలు చారలుగా వెలిసిపోతే అది మొజాయిక్ తెగులు, వైరస్ జబ్బు. విత్తన తోటలో అలాంటి దుబ్బు కనబడితే వేళ్లతో సహా పీకి గట్టు మీద పడేయడం ఆమె ముఠా పని.

ఆమెకు తెలియనిదల్లా ఏ మడి ఎందుకు వేశారన్నదే. కూలివాళ్లకు చెప్పేదేమిటి అనుకునే చదువులు మనవి.

2006లో వైరస్ మీద పరిశోధనకు బిందుమాధవి వచ్చింది. మాడుగుల రైతుబిడ్డ. ఆ ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. గైడు కృపాజ్యోతి మేడమ్ ఆ పిల్ల చేత నాలుగు మడులు వేయించింది. జబ్బు ఒక దుబ్బు నుంచి ఇంకో దుబ్బుకు ఎంత వేగంగా పాకుతుందో వారం వారం లెక్కపెట్టాలి. తిండి మరిచిపోయి ఎండలో తిరిగే ఆ పిల్లంటే కూలి ఆడవాళ్లకు ప్రాణం.

తొమ్మిదో వారం లెక్క రాసుకుని గురుశిష్యులిద్దరూ రెండు రోజుల సదస్సుకని హైదరాబాద్ వెళ్లారు. వాళ్లు తిరిగి రావలసిన రోజు పొద్దున్నే ముఠాలోని బుల్లమ్మ మడి గట్టున నిలబడి బుగ్గలు నొక్కుకుంది.

"సూడొదినా, బిందమ్మ మడి ఎలగ తెగులెక్కిపోనాదో! మేడమ్ గోరు సూత్తే మార్కులేత్తారేటి?"

"మార్కులా? ఇంటికి పొమ్మంటారు. రండర్రా, పాప వచ్చీలోపు శుభ్రం సేసేద్దాం," అంది అప్పలకొండమ్మ.

మధ్యాహ్నానికి రెండు మడులయ్యాయి. బస్సు దిగి తిన్నగా తోటకే వచ్చిన బిందుమాధవి గట్టు మీద కుప్ప చూసి అక్కడే కూలబడింది.

"ఎంత పని చేశారు పిన్నీ! ఆ జబ్బు దుబ్బులే కదా నా పరిశోధన!"

నవ్వుతూ ఎదురొచ్చిన అప్పలకొండమ్మకు అప్పుడు సంగతి బోధపడింది. ఈ ఏడాది పోతే ఫెలోషిప్ పోతుంది. ఫెలోషిప్ పోతే ఆ పిల్ల చదువు కట్టిపెట్టి మాడుగుల పోవాల్సిందే.

"నా సేతులిరిగిపోను! పిల్ల సదువు పీకీసేను," అని నెత్తి కొట్టుకుంది.

వెనకాలే వచ్చిన కృపాజ్యోతి కుప్ప లెక్కపెట్టించింది. అరవై మూడు దుబ్బులు. బిందుమాధవి పుస్తకంలో ఆ రెండు మడుల్లో జబ్బువి ముప్ఫై ఎనిమిదే.

"ఇరవై అయిదు మంచి దుబ్బులు కూడా పోయాయి మేడమ్!"

అప్పలకొండమ్మ చివ్వున తలెత్తింది. "మంచిది ఒక్కటీ పీకలేదు. తిట్టండి, పడతాను. లేని మాట మాత్తరం అనకండి."

"ఊరుకోవే వదినా, పన్లోంచి తీసేత్తారు," బుల్లమ్మ కొంగు లాగింది.

"తియ్యనీ!"

ఆకులింకా వాడలేదు. బిందుమాధవి మంచివని ఏరిన ఆ ఇరవై అయిదు దుబ్బుల ఆకులూ కోయించి కృపాజ్యోతి పరీక్షకు పట్టుకెళ్లింది. మర్నాటి సాయంత్రానికి తేలింది. ఇరవై రెండింట్లో వైరస్ ఉంది. చదువుకున్న కంటికి ఆనని జబ్బు ఆ కంటికి ఆనింది.

కృపాజ్యోతి ముఠా అందరి ముందూ నిలబడి చెప్పింది. "తప్పు నాది. మడి దేనికో మీకు చెప్పలేదు." కూలీల ముందు అలాంటి మాట ఆ తోట అంతకు ముందు వినలేదు. తర్వాత శిష్యురాలి వైపు తిరిగింది. "రెండు మడుల్లో పీకారు, రెండు మిగిలాయి. ముందుగా పీకితే జబ్బు ఎంత ఆగుతుందో, వదిలేస్తే ఎంత పాకుతుందో చూడు. రైతుకు కావలసింది అదే. దానికంటే ముందు ఈవిడ దగ్గర చూడడం నేర్చుకో."

"అదంతా సరే గాని, మరా మూడేటి మేడమ్ గోరూ?" అంది అప్పలకొండమ్మ. "నా కన్నెందుకు మోసపోయిందో ఆ ఆకులు నాకు సూపించండి."

"విన్నావా బిందూ? ఈ ప్రశ్న నువ్వు అడగాల్సింది," అని మేడమ్ నవ్వింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో బిందుమాధవి కూడా నవ్వి, ఆ ఆకులు తేవడానికి పరిగెత్తింది.

బిందుమాధవికి డాక్టరేట్ వచ్చింది. జబ్బు దుబ్బులను గుర్తించిన వాళ్ల పేర్లు ఆ సిద్ధాంత గ్రంథంలో అచ్చయ్యాయి, మొదటి పేరు అప్పలకొండమ్మది. ఆమె మాత్రం ఇంకా రోజుకూలీయే. దానికి సిగ్గుపడాల్సింది ఆమె కాదు. ఆమెకు ఆ దిగులు లేకపోలేదు గాని, పొద్దున్నే తోటకు వచ్చే నడకలో మాత్రం హుషారు తగ్గలేదు.

కృపాజ్యోతి దగ్గర చేరే ప్రతి విద్యార్థికీ ఇప్పుడు మొదటి నెల అప్పలకొండమ్మ దగ్గరే. మొన్న దేవీప్రసాద్ అనే కుర్రాడు వచ్చాడు.

"సెప్పు బాబూ, ఈ మడి దేనికేత్తన్నావు?"

అతను ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"తెలుగులో సెప్పు. గట్టిగా సెప్పు, ఎనకోళ్లకి కూడా ఇనబడాల."

పన్నెండు మంది ఆడవాళ్లు పారలు పక్కన పెట్టి, గట్టు మీద వరసగా కూర్చున్నారు.